బట్టిస్తి 1980లో ఆగిపోయాడా?

ఇటలీలో లూచో బట్టిస్తి పేరెత్తితే ఇప్పటికీ శ్రోతలు రెండు పక్షాలవుతారు. మోగోల్ రాసిన మాటలతో 1980 దాకా దేశమంతటి చేతా పాడించుకున్న బట్టిస్తి ఒకడు. ఆ తర్వాత జనానికి ముఖం చూపించకుండా, పాస్క్వాలే పనెల్లా అనే కవి రాసిన కొరుకుడుపడని మాటలకు బాణీలు కట్టిన బట్టిస్తి ఇంకొకడు. వీళ్ళలో అసలు బట్టిస్తి ఎవరన్నదే తగవు. ఇక్కడ వాదించుకుంటున్న ఇద్దరిలో మేనకోడలు మిలాన్‌లో చదువుకుని అక్కడే ఉద్యోగం చేస్తోంది. మామయ్య బెజవాడ రేడియోలో లలిత సంగీతానికి బాణీలు కట్టి రిటైరయ్యాడు. బట్టిస్తి పాటలు ఆయనకు వినిపించింది ఆమే. విన్నాక ఆమెకే ఎదురు తిరిగాడాయన.

మేనకోడలు: మామయ్యా, డొంకతిరుగుడు లేకుండా చెప్పేస్తాను. పాటగాడిగా బట్టిస్తి కథ 1980లోనే ముగిసింది. ఆ ఏడాది వచ్చిన ‘ఉనా జోర్నాతా ఉజ్జోజా’ మోగోల్‌తో ఆయన చేసిన చివరి ఆల్బం. తర్వాత ఇంకో ఆరు చేశాడు, కాదనను. కానీ మిలాన్‌లో యాభై ఏళ్ళ పెద్దాయనా పాతికేళ్ళ పిల్లా గొంతు కలిపి పాడుతున్నారంటే అది మోగోల్ రోజుల పాటే అయ్యుంటుంది. అక్కడ గిటారు పట్టిన పిల్లలు దాదాపు అందరూ మొదట నేర్చుకునేది 1971 నాటి ‘లా కాంజోనే దెల్ సోలే’. అందులో ఉన్నవి మూడే కార్డులు. ఏ, ఈ, డీ. పాట పొడుగునా అవే తిరుగుతాయి. మూడు కార్డులతో దేశాన్ని పాడించినవాడి గురించి మనం మాట్లాడుకుంటున్నాం.

మామయ్య: అంటే జనం పాడిందే పాట, పాడనిది పాట కాదంటావు.

మేనకోడలు: పాప్ పాటయితే అంతే మరి. మీ త్యాగరాజ కృతి వేరు.

మామయ్య: త్యాగరాజును ఇప్పుడే పిలవకు, ఆయనతో తర్వాత పని పడుతుంది. తీర్పు కూడా కాస్త ఆపి, ముందు ఆయన ఎక్కణ్ణుంచి వచ్చాడో చెప్పు.

మేనకోడలు: రియేతి దగ్గర కొండ మీద పోజ్జో బుస్తోనే అని చిన్న ఊరు. అక్కడ 1943 మార్చి 5న పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం రోముకు మారింది. గిటారు తనంతట తాను నేర్చుకుని, మిలాన్ వెళ్ళి ‘ఇ కాంపియోని’ అనే బృందంలో వాయించాడు. అక్కడ క్రిస్టీన్ లెరూ అనే ఫ్రెంచి సంగీత ప్రచురణకర్త 1965లో ఆయన్ని మోగోల్ దగ్గరికి తీసుకెళ్ళింది. మోగోల్ అసలు పేరు జూలియో రపెట్టి, అప్పటికే పేరున్న గీత రచయిత. 1961లో సాన్‌రెమో పోటీ గెలిచిన ‘అల్ ది లా’ మాటలు ఆయనవే. ఈ కుర్రాడి తొలి బాణీలు ఆయనకు పెద్దగా నచ్చలేదు. కుర్రాడు ఆ మాట ఒప్పుకున్న తీరు మాత్రం నచ్చి, కలిసి పని చేద్దామన్నాడు.

మామయ్య: మొదట్లో పాడింది వేరేవాళ్ళు కదూ?

మేనకోడలు: అవును. 1967లో ‘ఏక్విపే 84’ బృందం పాడిన ‘29 సెత్తెంబ్రే’తో జంట పేరు మోగిపోయింది. ప్రేమించినామెను మరిచి ఒక రోజు దారి తప్పినవాడి కథ అది. మధ్యలో రేడియో వార్తలు చదివే గొంతు తారీఖు చెబుతుంది. ఒక తప్పు జరిగి, తెల్లారేసరికి పాత ప్రేమ తిరిగి రావడమంతా నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ఇంకోటుంది. ఆయన బాణీ ఒకటి బ్రిటన్‌కు వెళ్ళి, ఇంగ్లీషు మాటలు తొడుక్కుని, ‘ఆమెన్ కార్నర్’ అనే వేల్స్ బృందం గొంతులో 1969 ఫిబ్రవరిలో అక్కడి అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. స్వదేశంలో మాత్రం అప్పటికింకా చాలామంది ఈయన గొంతే బాగాలేదంటున్నారు.

మామయ్య: గొంతు బాగాలేదనడం నాకు అర్థమవుతుంది. తొలిసారి విన్నప్పుడు నేనూ ముఖం ముడుచుకున్నాను. సన్నం, కాస్త గరుకు, పైస్థాయికి వెళితే పగులుతుంది. ఇటలీ అంటే పెద్ద గొంతుల దేశం. అక్కడ ఈ గొంతుతో నిలబడటమే సాహసం.

మేనకోడలు: నువ్వే పాడు అని పట్టుబట్టినవాడు మోగోల్. ఆ ఏడాదే సాన్‌రెమోలో ‘ఉనవెంతూరా’ పాడాడు. అప్పట్లో అక్కడ ఒక్కో పాటను ఇద్దరు వేర్వేరుగా పాడాలి. ఈయన పాటను రెండోసారి పాడింది అమెరికా సోల్ గాయకుడు విల్సన్ పికెట్. ఆ వేదిక మీద పోటీదారుగా బట్టిస్తి కనిపించింది ఆ ఒక్కసారే. అదే వేసవిలో ‘అక్వా అజ్జూర్రా, అక్వా కియారా’తో ఫెస్టివల్‌బార్ పోటీ గెలిచాడు. ఇక వరస చూడండి మామయ్యా. 1970లో ‘ఎమోజ్యోని’, 1972లో ‘ఇ జార్దీని ది మార్జో’, ‘ఇల్ మియో కాంతో లీబెరో’, 1976లో ‘అంకోరా తూ’, 1978లో ‘ఉనా దొన్నా పెర్ అమీకో’. ఒక్కో ఏడాదికి దేశం ఒక్కో పాటతో గుర్తుపెట్టుకుంది. ‘ఇ జార్దీని ది మార్జో’లో నెలాఖరుకు ముందే డబ్బులైపోయిన ఇల్లు, గౌన్లతో గుర్తొచ్చే తల్లి, తోటి పిల్లల ముందు సిగ్గుపడే పిల్లవాడు ఉంటారు. యుద్ధం ముగిశాక పెరిగిన తరం తన ఇంటిని అందులో చూసుకుంది. మోగోల్ గొప్పంతా అదే. మనుషులు వంటింట్లో మాట్లాడుకునే మాటను ఎత్తుకొచ్చి బాణీలో కూర్చోబెట్టాడు.

మామయ్య: కూర్చోబెట్టాడన్నావు చూడు, నాకు కావలసింది సరిగ్గా అదే. ముందు ఏది పుట్టింది, బాణీనా మాటా?

మేనకోడలు: బాణీయే. అర్థం లేని ఇంగ్లీషులాంటి శబ్దాలతో గిటారు మీద పాడి వినిపించేవాడు. మోగోల్ దాన్ని వింటూ, ఈ స్వరాలు ఏ సంగతి చెబుతున్నాయో పట్టుకుని మాటలు రాసేవాడు.

మామయ్య: మన సినిమా పాట పద్ధతే. సంగీత దర్శకుడు తననన అంటే, వేటూరి గారో సీతారామశాస్త్రి గారో ఆ కొలతలో ప్రాణం పోసేవారు. గొప్ప విద్యే, నేను తక్కువ చేయను. కానీ నేను పని చేసింది రేడియోలో. అక్కడ లలిత గీతానికి కవి కాగితమే ముందు చేతికి వచ్చేది. ‘ఈ మాసపు పాట’కైనా అంతే. వాక్యం ఎక్కడ ఆగుతుందో, ఏ మాట మీద బరువుందో చూసుకుని దాని వెంట బాణీ నడవాలి. బాణీ ముందు పుడితే మాట ఒదుగుతుంది, మాట ముందు పుడితే బాణీ ఒదుగుతుంది. ఈ రెండు పద్ధతుల్లోనూ పని చేసినవాడికే తన బాణీ ఎంత మొండిదో తెలుస్తుంది. బట్టిస్తి రెండోదాంట్లోకి వెళ్ళింది నలభై దాటాక, అదీ మొదటిదాంట్లో దేశమంతా జయించాక.

మేనకోడలు: మీరు పనెల్లా దగ్గరికి దూకేస్తున్నారు. మధ్యలో జరిగింది చూడండి. మోగోల్‌తో ఉన్నప్పుడు ఆయన ప్రయోగాలేమైనా మానాడా?

మామయ్య: మానలేదు, అదే నా వాదం. జనం ఆయన్ని పాటల పెట్టెగా చూస్తున్న రోజుల్లోనే ఆయన బయటికి నడుస్తున్నాడు. 1971లో ‘అమోరే ఎ నోన్ అమోరే’ చేశాడు. ఎనిమిదింటిలో నాలుగు మాటల్లేని వాద్య సంగీతం, వాటికి చాంతాడంత శీర్షికలు. కంపెనీ భయపడి దాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టింది. 1974లో ‘ఆనిమా లతీనా’. మోగోల్‌తో దక్షిణ అమెరికా తిరిగొచ్చి చేసింది. అందులో తాళ వాద్యాలు ముందుకొస్తాయి, ఆయన గొంతు వెనక్కి పోతుంది. వినేవాడు చెవి రిక్కించాలని కావాలనే అలా పెట్టానన్నాడు. పాటలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో తెలియదు. ఈ మనిషికి 1980లో హఠాత్తుగా పిచ్చెక్కిందని ఎలా అంటావమ్మడూ?

మేనకోడలు: ‘ఆనిమా లతీనా’ అమ్మకాల జాబితాల్లో మొదటి స్థానానికి చేరింది మామయ్యా! అంత కష్టమైన రికార్డును జనం కొన్నారు, విన్నారు. అంటే జనానికి కష్టమంటే భయం లేదు. మోగోల్ మాటలు చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే ఎంత చీకట్లోకైనా వచ్చారు. తర్వాత ఆ చెయ్యి వదిలేశాడాయన. జనం రాలేదని ఇప్పుడు మీరు జనాన్ని అంటే ఎలా?

మామయ్య: జనాన్ని నేనేమీ అనలేదు. ఆయన్ని అనొద్దంటున్నాను.

మేనకోడలు: ఎందుకు అనకూడదు? 1970ల మొదట్లోనే కచేరీలు మానేశాడు. 1972 ఏప్రిల్ 23న టీవీలో గాయని మీనాతో కలిసి పాడాడు. ఆ పాటల మాలను ఇటలీ ఇప్పటికీ తిప్పి తిప్పి చూస్తుంది. దాని తర్వాత తన దేశపు టీవీకి ఆ గొంతు దాదాపు దక్కలేదు. 1979లో స్విస్ రేడియోకు మాట్లాడాడు, ఇంటర్వ్యూలు అక్కడితో సరి. 1970లో మోగోల్‌తో కలిసి మిలాన్ నుంచి రోముకు గుర్రాల మీద వెళ్ళినప్పుడు ఊరూరా జనం ఎదురొచ్చారు. అలాంటి మనిషి పదేళ్ళు తిరిగేసరికి మోల్తేనో అనే ఊళ్ళో ఇంటి గేటు వేసుకుని కూర్చున్నాడు.

మామయ్య: ఆ పదేళ్ళలో ఏం జరిగిందో కూడా చెప్పు మరి. వీధుల్లో బాంబులు, కాల్పులు. పాటగాడన్నవాడు ఏ జెండా కిందో నిలబడి తీరాలని అడిగిన కాలం. వీళ్ళు ఆడా మగా గురించి రాశారు కాబట్టి కుడి పక్షం వాళ్ళని ముద్ర వేశారు. ‘ఇల్ మియో కాంతో లీబెరో’ అట్ట మీద పైకెత్తిన చేతులుంటే అది ఫాసిస్టు వందనమన్నారు. మోగోల్ తన సొంత జీవితంలో వచ్చిన కొత్త ప్రేమ గురించి రాసిన పాట అది! ఆ ముద్రకు రుజువేదీ ఎవరూ చూపలేదు. అలాంటి చోట నోరు మూసుకుని పని చేసుకోవడం పిరికితనమంటావా?

మేనకోడలు: పిరికితనమనను. కానీ మౌనం ఒక దశ దాటాక అదే పెద్ద ప్రచారమైపోతుంది. కనిపించని బట్టిస్తి కోసం ఫొటోగ్రాఫర్లు పొదల్లో కాపలా కాశారు. పాటలకంటే ఆయన దాక్కోవడం గురించే పత్రికలు ఎక్కువ రాశాయి.

మామయ్య: పొదల్లో కూర్చున్నవాడి తప్పును గేటు వేసుకున్నవాడి ఖాతాలో రాయకు. సరే, 1980కి వద్దాం. మోగోల్‌తో ఎందుకు విడిపోయాడు?

మేనకోడలు: పాటల హక్కుల్లో తనకూ సమానమైన వాటా కావాలన్నాననీ, అక్కడే తేడా వచ్చిందనీ మోగోల్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. బట్టిస్తి ఏమీ చెప్పలేదు. 1982లో ‘ఎ జా’ వచ్చింది. మాటలు భార్యవి, వెలేజియా అనే కలం పేరుతో. సంగీతమంతా సింథసైజర్లు. ఆ తర్వాత పనెల్లాతో అయిదు. 1986 ‘డోన్ జోవాన్ని’, 1988 ‘లపరెంజా’, 1990 ‘లా స్పోజా ఒచ్చిదెంతాలే’, 1992 ‘కోజా సుచ్చెదెరా అల్లా రగాజ్జా’, 1994 ‘హేగెల్’. అట్టల మీద ఆయన ఫొటో లేదు. తెల్ల కాగితం, దాని మీద నాలుగు గీతలు. అందుకే అక్కడివాళ్ళు వాటిని తెల్ల రికార్డులంటారు. ఒక్కోదాంట్లో ఎనిమిది పాటలు. మొత్తం నలభై. అందులో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నలుగురు కూర్చున్న చోట ఎవరైనా పాడగా నేను వినలేదు.

మామయ్య: ఎందుకు పాడరో ఆలోచించావా?

మేనకోడలు: అర్థం కాదు కాబట్టి! పనెల్లా వాక్యం ప్రేమతో మొదలై, ఇంట్లో సామాను మీదుగా వెళ్ళి, ఒక మాటల గారడీలో తేలుతుంది. ఎవరు ఎవరితో అంటున్నారో తెలియదు. ఎవరైనా ఏడ్చారా, నవ్వారా తెలియదు. ఇటాలియన్లే తల గోక్కుంటారు.

మామయ్య: అర్థం సగమే. అసలు కారణం వేరే. ‘డోన్ జోవాన్ని’కి ఇంకా బాణీలే ముందు. ‘లపరెంజా’ నుంచి పనెల్లా మాటలు ముందు, బాణీ తర్వాత. మూడు కార్డులతో దేశాన్ని పాడించినవాడు, రాగం తన్నుకొచ్చే చెయ్యి ఉన్నవాడు, తనకు లొంగని వాక్యం ముందు విద్యార్థిలా కూర్చున్నాడు. పల్లవి తిరిగి రాదు, ఎందుకంటే వాక్యం తిరిగి రాదు. లయ యంత్రంలా నిశ్చలంగా పోతుంటుంది, దాని మీద గొంతు వాక్యాన్ని పట్టుకుని పక్కకీ వెనక్కీ నడుస్తుంది. వాక్యం మధ్యలో కార్డు మారుతుంది, మనం ఆశించిన చోట మారదు. నాకు ఇటాలియన్ రాదు తల్లీ. అయినా మాట వెంట బాణీ ఎలా ఒదిగిందో చెవికి తెలుస్తుంది. ముప్ఫై ఏళ్ళు నేను చేసిన పని అదే కదా.

మేనకోడలు: మీకు భాష రాదు కాబట్టే అంత హాయిగా వింటున్నారేమో! మాట అర్థమయ్యేవాడికి అర్థం చిక్కకపోతే కలిగే చిరాకు మీకు లేదు.

మామయ్య: దెబ్బ బాగానే తగిలింది. కానీ అదే నిన్నూ అడుగుతాను. భాష వచ్చిన నీకు మాట అడ్డొచ్చి సంగీతం వినబడలేదేమో?

మేనకోడలు: పల్లవి సంగతి తేల్చండి ముందు. పల్లవి అంటే వినేవాడు పాటలోకి వచ్చే ద్వారం. మొదటిసారి వింటాడు, రెండోసారి తనూ అందుకుంటాడు. అది తీసేస్తే పాట పాడేవాడిదే అవుతుంది, వినేవాడిది కాదు. మీ త్యాగరాజూ పల్లవి దగ్గరికి తిరిగొస్తాడు. ఇందాక దాచుకున్నారుగా, ఇప్పుడు పిలవండి ఆయన్ని!

మామయ్య: పిలిచాను, నీ పక్షానే నిలబడ్డాడు. ఒప్పుకుంటున్నాను, పల్లవి లేని పాటకు శ్రోత దూరంగానే ఉంటాడు. నేను అడిగేది ఒక్కటే. పాటగాడు శ్రోతకు ఎంత బాకీ? ప్రతి వేసవీ ఊరూరూ తిరిగి ‘కాంతో లీబెరో’ పాడుకుంటూ బతికితే ఆయనకు లోటేముంది? డబ్బు, చప్పట్లు, పూలదండలు. ఎంతమంది పాత గాయకులు అలా బతకడం లేదు? ఈయన పాత పాటల సొమ్ముతో స్వేచ్ఛ కొనుక్కున్నాడు. ఆ స్వేచ్ఛతో విశ్రాంతి తీసుకోలేదు, రెండేళ్ళకొకటి చొప్పున అయిదు రికార్డులు చేశాడు. ఒకదానికంటే ఒకటి కష్టం. కొనేవాళ్ళు తగ్గుతున్నారని తెలిసీ చేశాడు. ఇది పని ఎగ్గొట్టినవాడి లెక్క కాదు.

మేనకోడలు: కచేరీ చేయకపోవడం ఆయనిష్టం. ముఖం చూపకపోవడమూ ఆయనిష్టం. ఆ బాకీ నేను వదిలేస్తాను. కానీ మోగోల్‌కున్న బాకీ? ఆ పాటలు ఇద్దరివి. బట్టిస్తి పోయాక మోగోల్‌కూ కుటుంబానికీ మధ్య హక్కుల గొడవ కోర్టులకెక్కింది. మోగోల్‌తో చేసిన ఆల్బంలు స్ట్రీమింగ్‌లోకి వచ్చింది 2019 సెప్టెంబర్ 29న. ‘29 సెత్తెంబ్రే’ పాట పేరు కలిసొచ్చేలా చూసి పెట్టిన తారీఖు! అప్పటిదాకా ఫోన్లో పాటలు వినే తరానికి వాళ్ళ అమ్మానాన్నలు పాడిన పాటలు ఆ యాప్‌లలో దొరకలేదు. గేటు వేసుకోవడం మనిషికి సరే, పాటకు గేటు పెట్టడం సరికాదు.

మామయ్య: దాంట్లో నీతో వాదన లేదు. పాటను బయటికొదిలాక దాన్ని మళ్ళీ లోపలికి పిలిచే హక్కు ఎవరికీ ఉండకూడదు. కానీ అది ఆయన పోయాక జరిగిన కథ. ఆయన పనిని దాంతో కొలవకు.

మేనకోడలు: మోగోల్‌కు మీరు కాస్తయినా న్యాయం చేయలేదు. విడిపోయాక ఆయనేమీ పడిపోలేదు. అదే 1980లో గాయకుడు కొచ్చాంతే పాడిన ‘చెర్వో ఆ ప్రిమవేరా’ రాశాడు. 1999లో గాయకుడు చెలెంతానో పెద్ద ఆల్బం ఆయన మాటలతోనే వచ్చింది. ఉంబ్రియాలో గీత రచయితలకు, స్వరకర్తలకు బడి పెట్టాడు. జనానికి అర్థమయ్యేలా రాయడమూ చేతకావలసిన విద్యేనని చూపించాడు.

మామయ్య: చూపించాడు. పనెల్లా కూడా 2002లో ‘నోత్రెదామ్’ సంగీత రూపకానికి ఇటాలియన్ మాటలు రాశాడు, అవి జనమంతా పాడారు. తేలిగ్గా రాయడం రాకే ఆయన బట్టిస్తికి అలా రాశాడనుకోకు. ఇద్దరూ కావాలని ఎంచుకున్న దారి అది.

మేనకోడలు: సరే, నా వైపు నుంచి ఒకటి వదులుతాను. ‘డోన్ జోవాన్ని’లో మొదటి పాట, ‘లే కోజే కే పెన్సానో’, నాకిష్టం. అందులో రాగం ఇంకా ఉంది. మాట అర్థం కాకపోయినా గొంతులో ఏదో పోగొట్టుకున్నవాడి దిగులు వినిపిస్తుంది. కానీ ‘హేగెల్’ నావల్ల కాదు. ట్యూబింగెన్‌లో చదివిన జర్మన్ తత్వవేత్త మీద డాన్సు లయలో పాటేంటి మామయ్యా!

మామయ్య: ‘హేగెల్’ నన్నూ దగ్గరికి రానివ్వలేదు, నిజం చెప్పాలంటే. అయినా యాభై ఒక్క ఏళ్ళ పాప్ గాయకుడు తన ఆఖరి రికార్డులో అంత దూరం పోయాడంటే, దాన్ని విఫలం అనే ముందు నేను ఇంకో నాలుగుసార్లు వింటాను. నువ్వు అలా విన్నావా?

మేనకోడలు: రెండుసార్లు. రెండోసారి సగంలో ఆపేశాను.

మామయ్య: అదీ సంగతి.

వాళ్ళ వాదన తెగలేదు. రాసుకున్నవాడిగా నా తీర్పు నేను చెప్పాలి. మేనకోడలి మాటలో న్యాయముంది. పాట జనం నోట బతకాలంటే వాళ్ళు లోపలికి రావడానికి చోటుండాలి. బట్టిస్తి పేరు ఇటలీలో నిలిచింది ఆ చోటున్న పాటల వల్లే. కానీ ఆయన కథ 1980లో ముగిసిందన్న మాటతో నేను ఏకీభవించను. గొంతును వెనక్కి నెట్టడం, పాట ఆకారాన్ని విరగ్గొట్టడం 1971లో, 1974లో మొదలయ్యాయి. మోగోల్‌తో ఉన్నప్పుడు అవి మెరుపులుగా వచ్చాయి, పనెల్లాతో అవే పూర్తి పనిగా మారాయి. ఒకే మనిషి ఒకే దిక్కున నడిచాడు, వెంట వచ్చేవాళ్ళు మారారు. వెంట రానివాళ్ళ తప్పు లేదు, ముందుకు పోయినవాడి తప్పూ లేదు. ఆ నలభై పాటలు వినకుండానే కొట్టిపారేసేవాళ్ళదే తప్పు.

కొత్తగా వినదలచినవాళ్ళు ‘ఇల్ మియో కాంతో లీబెరో’తో మొదలుపెట్టి, ‘ఆనిమా లతీనా’ మీదుగా ‘డోన్ జోవాన్ని’కి రండి. ఆ వరసలో వింటే తెగిన చోటు ఎక్కడో మీరే చెప్పగలరు, అసలు తెగిందో లేదో కూడా. ‘హేగెల్’ వచ్చిన నాలుగేళ్ళకు, 1998 సెప్టెంబర్ 9న, యాభై అయిదో ఏట బట్టిస్తి మిలాన్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఎందుకు అలా పాడాడో చివరిదాకా వివరణ ఇవ్వలేదు.